విస్మరణావధానం

నిఘా సంస్థల పర్యవేక్షణ సంస్కరణ చట్టాన్ని మన చట్టసభ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఏకగ్రీవం కావడానికి కారణం, ఆ చట్టం ఇరుపక్షాల కోరికనూ సంపూర్ణంగా తీర్చడమే. నిఘా సంస్థలు ఏం చేస్తున్నాయో పౌరులకు తెలిసి తీరాలని ఒక పక్షం పట్టుబట్టింది. తెలిస్తే దేశానికి ముప్పని రెండో పక్షం పట్టుబట్టింది. ఇలాంటి సందర్భాల్లో సగం చూపించి సగం దాచడం ఆనవాయితీ. మన శాసనకర్తలు అంత అల్పసంతోషులు కారు. పౌర పర్యవేక్షణ సంఘానికి సమస్తమూ చూపించాలని చట్టంలో మొదటి భాగం ఆదేశించింది. చూసినదాన్ని సభ్యులు ఆ గది గడప దాటేలోగా సంపూర్ణంగా మరచిపోవాలని రెండో భాగం ఆదేశించింది.

"చూపించే ధైర్యం మాది, మరచిపోయే సంస్కారం మీది" అని మంత్రిగారు సభలో ప్రకటించారు. బల్లలు చాలాసేపు మోగాయి.

ఆ సంఘంలో నన్నొక సభ్యురాలిగా నియమించారు. నేను విశ్వవిద్యాలయంలో రాజ్యాంగ న్యాయశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని, ఈ చట్టాన్ని దుయ్యబడుతూ పత్రికల్లో వ్యాసాలు రాసినదాన్ని. నా పుస్తకాలను చూసి ఎంపిక చేశారని మొదట అనుకున్నాను. వయసు చూసి ఎంపిక చేశారని తరువాత తెలిసింది. ముసలితనంలో మరపు సహజమైన అర్హత అని నియామక మండలి అభిప్రాయపడిందట. మా అధ్యక్షులు విశ్రాంత న్యాయమూర్తి చర్ల సోమయాజులుగారు. ఆయనకు ఆ అర్హత నాకంటే చాలా ఎక్కువగా ఉండేది.

మొదటి సమావేశంలో నిఘా సంస్థ డైరెక్టరు ముదిగొండ ఉదయశంకర్ కిటికీలు లేని గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు వేస్తూ, సమస్తమూ చెప్పాడు. ఏ రాయబారి ఇంట్లో వంటవాడు మన మనిషో చెప్పాడు. ఏ మంత్రి ఫోనును ఏ మంత్రి కోరిక మీద వింటున్నారో చెప్పాడు. జలాంతర్గాములు ఎన్ని పని చేస్తున్నాయో, ఎన్ని పని చేస్తున్నట్టు కనిపిస్తున్నాయో కూడా చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆయన ముఖం వికసించింది.

"మరచిపోయేవాళ్ల ముందు మాట్లాడటంలో ఇంత హాయి ఉందని ఇన్నేళ్ల సర్వీసులో ఎరగను మేడమ్" అన్నాడు నాతో. "మా ఆవిడ దగ్గర కూడా ఇంతగా మనసు విప్పలేదు."

తొలి రోజుల్లో మరచిపోయామని ప్రమాణం చేస్తే సరిపోయేది. కానీ మా సభ్యుల్లో ఒకాయన ఒక పెళ్లి విందులో, ఏమిటి విశేషాలని అడిగిన బంధువుతో, "జలాంతర్గాముల సంగతి తప్ప ఏదైనా అడుగు బావా" అన్నాడు. ఆ మాట పైకి వెళ్లింది. ప్రమాణం చాలదు, పరీక్ష పెట్టాలి అని కిందికి ఉత్తర్వు వచ్చింది.

పరీక్ష పెట్టడం మొదలుపెట్టాక గానీ అందులోని చిక్కు బోధపడలేదు. "జలాంతర్గాముల సంగతి మరచిపోయారా?" అని అడిగితే, మరచిపోయానన్న సభ్యుడికి ఏం మరచిపోయాడో గుర్తున్నట్టే. "జలాంతర్గాములంటే ఏమిటి?" అని ఎదురు ప్రశ్న వేసిన సభ్యుడికి మామూలు చదువు కూడా లేనట్టు. అందరమూ తప్పాం. పైగా ప్రశ్న అడిగినప్పుడల్లా మరచినవాళ్లకు కూడా సంగతి గుర్తుకొచ్చేది.

అప్పుడు డైరెక్టరుకు ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు కుర్రతనం నుంచీ అవధానాలంటే ప్రాణం. ఏ ఊళ్లో అవధానం జరిగినా ముందు వరుసలో కూర్చుని, అవధాని చివర్లో పద్యాలన్నీ ధారణ చేస్తుంటే తల ఊపే రకం. ఆయన శతావధాని అవ్వారి సీతాపతిగారిని సంస్థకు సలహాదారుగా పిలిపించాడు.

"జ్ఞాపకం ఎక్కడ నిలుస్తుందో తెలిసినవారికి అది ఎక్కడ జారుతుందో కూడా తెలిసి ఉండాలి కదా, గురువుగారూ" అన్నాడు డైరెక్టరు.

సీతాపతిగారు ఉత్తరీయం సర్దుకుని, "నేను మరచిపోయిన సందర్భం ఒక్కటి కూడా నాకు గుర్తు లేదండీ" అన్నారు.

"సరిగ్గా ఆ కారణంతోనే మిమ్మల్ని ఎంపిక చేశాం."

ఆ విధంగా విస్మరణావధానం పుట్టింది. సభ్యుడు నడుమ కూర్చుంటాడు. చుట్టూ సంస్థ అధికారులు పృచ్ఛకులై కూర్చుంటారు. ఒకరు గంట కొడుతుంటారు. ఒకరు వీపు మీద పూలు విసురుతుంటారు. ఒకరు సభ్యుడి నోటి వెంట రాకూడని మాటలను నిషేధిస్తుంటారు. అప్రస్తుత ప్రసంగి మాత్రం సంస్థలోకెల్లా చురుకైనవాడు. సభ్యుడి బుర్రలో ఉన్న రహస్యం చెదిరిపోయేదాకా వియ్యపురాలి గురించీ, మోకాళ్ల నొప్పుల గురించీ, ఇంటి పక్క వాళ్ల కుక్క గురించీ ప్రశ్నలు వేస్తాడు. మామూలు అవధానం చివర్లో ధారణ ఉన్నట్టే ఇందులో చివర అధారణ ఉంటుంది. "ఏం చూశారు?" అని సీతాపతిగారు అడుగుతారు. సభ్యుడు నోరు తెరిచి, ఏమీ చెప్పలేక, మళ్లీ మూస్తాడు. ముఖంలో ఎంత శూన్యం ఉంటే అన్ని మార్కులు.

మా అధ్యక్షులు మొదటి ప్రయత్నంలోనే అగ్రస్థానంలో నిలిచారు. ఆయన్ను శాలువాతో సత్కరించారు. శాలువా కుర్చీలోనే మరచిపోయి వెళ్లారు. దాన్ని ఉత్తమ ప్రతిభకు నిదర్శనంగా గోడకు తగిలించారు.

చట్టం ప్రతి సోమవారం ప్రజావిచారణ జరపమంది. ఎవరైనా వచ్చి తమ గోడు చెప్పుకోవచ్చు. మొదటి సోమవారాలు ఎవరూ రాలేదు. తరువాత నగరానికి ఉత్తరాన ఉన్న ఒక బెస్తపాలెం నుంచి ఒకావిడ వచ్చింది. మెడలో పసుపు తాడు, చేతిలో స్టీలు క్యారేజీ. పేరు మైలపల్లి నూకరత్నం.

"మా ఇంటాయన్ని తీసుకుపోనారు బాబూ. కొర్లయ్య ఆడి పేరు. ఒడ్డున సేపలు ఎండేత్తన్నాడు. జీపొచ్చింది. ఓపాలి రమ్మన్నారు. లుంగీ మార్చుకుని వత్తానన్నాడు, మారుస్కోనివ్వలేదు. మరి రాలేదు. ఆడెక్కడున్నాడు? ఏటి సేసినాడు? ఎప్పుడొగ్గుతారు?"

అధ్యక్షులు కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "అమ్మా, మీ భర్త వ్యవహారం ఈ సంఘానికి తెలిసినదో కాదో నిర్ధారించలేం. తెలిసి ఉంటే మరచిపోయి ఉంటాం. మరచిపోయామంటే ఒకప్పుడు తెలిసినట్టే. తెలియలేదంటే మరచిపోనట్టు. కనుక మీ విన్నపాన్ని ఆలకించడానికి చట్టపరంగా అభ్యంతరం కనిపించడం లేదు."

ఆవిడ నా వైపు తిరిగింది. "ఏటంటన్నారమ్మా ఈ బాబు?"

"వింటామంటున్నారు."

"ఇంతేనా? దానికి అంత ఆయాసమెందుకు?"

క్యారేజీ మా బల్ల మీద పెట్టి, అందులో కూర ఉందని, ఆయన ఏ గదిలో ఉన్నాడో అక్కడికి పంపమని చెప్పి వెళ్లిపోయింది. ఆహారాన్ని స్వీకరించే అధికారం సంఘానికి లేదని కార్యదర్శి నమోదు చేశాడు.

ఆ వారం కిటికీలు లేని గదిలో కొర్లయ్య సంగతి చూపించమని అడిగాను. డైరెక్టరు వెంటనే చూపించాడు. దాచడమన్నది ఆ సంస్థలో అప్పటికే అనాగరికంగా భావింపబడుతోంది. తెర మీద ఆకాశం నుంచి తీసిన సముద్రతీరం కనిపించింది. ఇసుక మీద తెల్లటి గీతలు.

"యుద్ధనౌక తీరం విడిచి వెళ్లినప్పుడల్లా మరునాడు ఈ గీతలు ప్రత్యక్షమవుతాయి" అన్నాడు డైరెక్టరు. "నౌక ఉన్న రోజుల్లో ఉండవు. శత్రువుకు ఇది సంకేతమని మా విశ్లేషకులు తేల్చారు. గీతలు గీస్తున్న వ్యక్తిని అదుపులోకి తీసుకున్నాం."

"దేనితో గీశాడు?"

"నెత్తళ్లు మేడమ్. చిన్న చేపలు. మాకు మొదటి వారంలోనే తెలిసింది. నౌక విన్యాసాలు చేస్తున్నంతకాలం పడవలను సముద్రంలోకి మేమే వెళ్లనివ్వం. నౌక వెళ్లిపోయాక వేటకు వెళ్తారు. పడినవి మరునాడు ఇసుకలో వరసలుగా ఎండబెడతారు. చాలా సరళమైన విషయం." ఆయన గొంతులో ఏ సంకోచమూ లేదు. "ప్రయోగశాలకు నమూనా కూడా పంపాం. వాళ్లు ఇంకొంచెం పంపమన్నారు. టమాటాతో బాగుంటాయట."

"మరి వదిలేయలేదేం?"

"వదలాలంటే ఉత్తర్వులో కారణం పేర్కొనాలి. గీతలు చేపలని తేలినందున అని రాస్తే, గీతలను పైనుంచి చూస్తున్నామని శత్రువుకు తెలిసిపోతుంది. ఒక వ్యక్తి స్వేచ్ఛ కోసం ఒక ఉపగ్రహాన్ని బట్టబయలు చేయడం సమంజసమా, మీరే చెప్పండి."

నిరపరాధి అని తెలిసిన మనిషిని నిర్బంధించడం ఏ రాజ్యాంగం ప్రకారం సమంజసమో అడిగాను. సమంజసం కాదని డైరెక్టరు నిష్కపటంగా ఒప్పుకున్నాడు. విడుదలకు సిఫారసు చేసే అధికారం సంఘానికి ఉందా అని అడిగాను. నిస్సందేహంగా ఉందన్నాడు. అయితే సిఫారసు ఈ గదిలో చెల్లదు, బయట సమావేశ మందిరంలో చేయాలి.

"పరీక్ష తరువాత అన్నమాట."

"పరీక్ష కాకుండా మందిరంలోకి దారి లేదు కదా మేడమ్."

ఆ రోజు నా పరీక్షలో అప్రస్తుత ప్రసంగి ఒకప్పటి నా విద్యార్థే. "మేడమ్, మీరు పాఠం చెబుతుంటే క్లాసులో నిద్రపోయేవాళ్లు మీకు గుర్తున్నారా?" అని అడిగాడు.

"నువ్వొక్కడివే గుర్తున్నావు నాయనా. గురక వల్ల."

నిషేధాక్షరి అధికారి చేప, వల, ఉప్పు, ఇసుక అనే మాటలను నిషేధించాడు. మరచిపోవలసినదాన్ని తన నోటితోనే గుర్తు చేస్తున్నానని అతనికి తోచలేదు. చివర్లో సీతాపతిగారు ఏం చూశారని అడిగారు. ఏమీ గుర్తు లేదన్నాను. ముఖంలో విషయం తాలూకు ఛాయలు కనిపిస్తున్నాయనీ, సాధన అవసరమనీ వ్యాఖ్యానించి, ఉత్తీర్ణురాలినని ప్రకటించారు. సీతాపతిగారి ముఖంలో కూడా ఛాయలు ఉన్నాయి. ఆయన ఏదీ మరచిపోలేని మనిషి. సలహాదారుకు పరీక్ష పెట్టాలని ఎవరికీ తోచలేదు.

మందిరంలోకి వెళ్లగానే లేచి నిలబడ్డాను. "మైలపల్లి కొర్లయ్యను తక్షణం విడుదల చేయాలని సిఫారసు చేస్తున్నాను."

"ఎవరాయన?" అన్నారు అధ్యక్షులు, నిజమైన కుతూహలంతో.

"సోమవారం వచ్చిన నూకరత్నం భర్త."

"ఏ కారణంతో విడుదల?"

డైరెక్టరు నా సహాయానికి వచ్చాడు. "అధ్యక్షా, మేడమ్ కారణం చెబితే వారికి గుర్తున్నట్టు. గుర్తుంటే చట్టోల్లంఘన. చట్టాన్ని ఉల్లంఘించి గుర్తుంచుకున్న విషయం మీద ఆధారపడిన సిఫారసు చెల్లదు. కారణం చెప్పకపోతే సిఫారసు నిరాధారం. ఈ రెండింటిలో దేన్ని ఎంచుకోవడానికైనా మేడమ్‌కు పూర్తి స్వేచ్ఛ ఉంది."

"నిరాధారంగా బంధించవచ్చు గానీ నిరాధారంగా వదలకూడదా?" అన్నాను.

"బంధించడానికి ఆధారం ఉంది మేడమ్. రహస్యం, అంతే."

"ఆ ఆధారం మీకు గుర్తుందా?"

"నాకు గుర్తుండక ఎవరికి గుర్తుంటుంది?"

నేను కూర్చున్నాను. ఇంటికి వెళ్లి చట్టానికి ఒక సవరణ రాశాను. రహస్యం బయటికి పొక్కేది దాన్ని ఎరిగినవారి ద్వారానే. పౌర సభ్యులకు ఎప్పుడో ఒకసారి తెలుస్తుంది, అధికారులకు నిత్యమూ తెలుస్తుంది. కనుక విస్మరణ విధి అధికారులకు కూడా సమానంగా వర్తించాలి, పాత చిత్రాలనూ దస్త్రాలనూ ఏ రోజుకారోజు తుడిచేయాలి అని అందులో వివరించాను. ఎందుకు పట్టుకున్నారో మరచిపోతే, పట్టుకున్నవాణ్ని వదలక ఏం చేస్తారన్నది నా అంచనా. పైకి అది చెప్పలేదు.

మంత్రిగారు పరవశించిపోయారు. "చట్టం ముందు అందరూ సమానమే అన్నాం. ఇకపై మరపు ముందు కూడా" అని పత్రికలకు చెప్పారు. సవరణ అమల్లోకి వచ్చింది. ప్రతి సాయంత్రం ఆఫీసు వదిలే ముందు డైరెక్టరు మొదలు గేటు కాపలా వరకు వరుసలో నిలబడి విస్మరణావధానానికి కూర్చునేవారు.

ఫలితాలు త్వరగానే కనిపించాయి. రహస్యాలు పొక్కడం పూర్తిగా ఆగిపోయింది. గేటు కాపలావాడు తాను ఏ గేటుకు కాపలానో మరచి పక్కనున్న చేనేత సహకార సంఘానికి కాపలా కాశాడు. పరాయి దేశంలో ఉన్న మన వేగు ఒకతను తాను వేగునని మరచి, అక్కడే బేకరీ పెట్టి, బాగా గడిస్తున్నాడని వార్త వచ్చింది. శత్రు దేశపు గూఢచారి ఒకడు మన ప్రధాన కార్యాలయంలోకి రహస్యంగా చొరబడి, ఎవరిని కదిపినా ఏమీ రాక, నిరుత్సాహపడి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ విశ్రాంతి గదిలో పాడైన కుళాయిని బాగు చేసి వెళ్లాడని కొందరు అన్నారు. ఆ కొందరు సాయంత్రానికి అదీ మరచిపోయారు.

నూకరత్నం మాత్రం ప్రతి సోమవారం వస్తూనే ఉంది. క్యారేజీ తెస్తూనే ఉంది.

సవరణ పూర్తిగా వంటబట్టిందని నమ్మకం కుదిరాక, మందిరంలో డైరెక్టరును అడిగాను. "మైలపల్లి కొర్లయ్యను ఎందుకు నిర్బంధించారు?"

ఆయన ముఖం కడిగిన పలకలా ఉంది. "గుర్తు లేదు మేడమ్. గర్వంగా చెబుతున్నాను."

"అయితే వదిలేయండి."

"ఎలా వదలగలం? కారణం తొలగిపోయిందని నేను ధ్రువీకరించాలి. కారణమే తెలియనప్పుడు అది తొలగిందో లేదో ఎలా తెలుస్తుంది? కింద గదిలో ఒకాయన ఉన్న మాట వాస్తవం. భోజనం వెళ్తోంది. ఆయన అక్కడ ఉన్నారంటే కారణం ఉండే ఉంటుంది. మా సంస్థ అకారణంగా ఎవరినీ ఉంచదు. ఆ ఒక్కటీ మాకు బాగా గుర్తు."

నేను రాసిన సవరణ నన్ను చూసి నవ్వింది. అంతకు ముందు, వదిలే అధికారం ఉన్న ఒక్క మనిషికైనా అతను నిరపరాధి అని తెలుసు. ఇప్పుడు ఆ ఒక్కడూ లేడు.

అంతవరకూ మూలన కూర్చున్న సీతాపతిగారు గొంతు సవరించుకున్నారు. "సవరణకు మంత్రిగారి కార్యాలయం చేర్చిన ముగింపు నిబంధన ఒకటి ఉన్నట్టుంది. దేశంలో ఎవరికీ జ్ఞాపకం లేని వ్యవహారం ముగిసినట్టు భావించి, అందుకు సంబంధించిన వస్తువులనూ వ్యక్తులనూ యథాస్థానానికి పంపాలని. అవధానంలోనూ అంతేనండీ. చివరి పృచ్ఛకుడు లేచి వెళ్లిపోతే సభ ముగిసినట్టే."

డైరెక్టరు నిబంధన తెప్పించి చదువుకున్నాడు. "దివ్యంగా ఉంది. సంస్థలో ఎవరికీ గుర్తు లేదు. సంఘంలో అందరూ ఉత్తీర్ణులు. ఒకటే అడ్డంకి. సోమవారం సోమవారం ఒకావిడ వచ్చి గుర్తు చేస్తోంది. ఆవిడ కూడా పరీక్షకు కూర్చుని, ఆయన ఎవరో తెలియదని నిరూపించుకుంటే, ఆయన్ను గేటు బయట పెట్టడానికి మాకు ఏ అభ్యంతరమూ లేదు."

ఈ సంగతి నూకరత్నానికి వరండాలో నేనే చెప్పవలసి వచ్చింది.

"ఆడెవులో నానెరగనని సెప్పాలా?" అంది.

"చెబితే వదులుతారు."

"అబద్ధమే కదమ్మా అది?"

"ఇక్కడ దాన్ని విస్మరణ అంటారు."

"ఆడికే పెట్టండి ఆ పరీచ్చేదో. పెల్లైన కాణ్నించీ నా మాట ఒక్కటీ ఆడికి గుర్తుంటే ఒట్టు. సిటికెలో నెగ్గేత్తాడు." నవ్వబోయి ఆగిపోయింది. "ఆడి ముందరే సెప్పాలా?"

"ఆయన్ను తీసుకొచ్చి ఎదురుగా నిలబెడతారు."

"ముందుగా ఆడికో మాట సెప్తారా, ఇది ఉత్తుత్తిదని?"

"చెప్పకూడదు."

ఆవిడ క్యారేజీ మూత తీసి, మళ్లీ బిగించింది. "నెలల తరబడి గదిలో ఒక్కడూ ఉన్నోడు. నన్ను సూడగానే పేనం లేచొత్తాది. అప్పుడు నాను ఎవుల్నువ్వు అనాలి." క్యారేజీ ఎత్తుకుంది. "పదండమ్మా. ఆడు ఒడ్డున పడితే సాలు. తిట్టుకుంటే తిట్టుకుంటాడు."

ఆమెను నడుమ కూర్చోబెట్టారు. గంట మోగింది. పూలు వచ్చి వీపున పడ్డాయి.

"బంగారం లాంటి పూలు ఇలా పారేత్తన్నారేటి బాబూ?" అని వాటిని ఏరి ఒళ్లో పోసుకుంది.

అప్రస్తుత ప్రసంగి తెలివిగా వల వేశాడు. "నూకరత్నమ్మా, పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడేస్తావు? మీ ఆయనకు పులుపు ఎక్కువ ఇష్టమా, తక్కువా?"

"ఎవులాయనకి బాబూ? తినీవోణ్ని బట్టి ఏత్తాం. నీ మొకం సూత్తే నీకు ఎప్పుడేసినా ఒకటే."

పృచ్ఛకులు నవ్వు ఆపుకోలేకపోయారు. డైరెక్టరు సైగ చేశాడు. తలుపు తెరుచుకుంది. కొర్లయ్యను తీసుకొచ్చారు. నేను అతన్ని చూడటం అదే మొదలు. గడ్డం పెరిగి, ఎండ తగలక పాలిపోయి ఉన్నాడు. ఇంకా ఆ జీపెక్కిన నాటి లుంగీతోనే ఉన్నాడు.

"రత్నం!" అన్నాడు.

ఆమె వేళ్లు ఒళ్లో పూలను గట్టిగా పట్టుకున్నాయి.

"ఎవరీయన?" అన్నాడు డైరెక్టరు.

"ఎవులో బాబూ."

"బాగా చూడండి."

"సూసినాను. నాకు తెల్దు."

"రత్నం, నానే" అన్నాడు కొర్లయ్య. "నానేటి సేసినానే?"

"అయ్యా, మీరు పొరబడుతున్నారు" అన్నాడు డైరెక్టరు మర్యాదగా. "ఈవిడకు మీరు తెలియదు." మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "ఈయన గురించి మీకు ఏదైనా చెప్పాలని ఉందా?"

"ఉంది బాబూ. పాపం, ఎవులింటాయనో, సిక్కి సగమైపోనాడు. ఇంటికాడ ఎవత్తో ఎదురుసూత్తా ఉంటాది. ఒగ్గేయండి."

పృచ్ఛకులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అది జ్ఞాపకమా కాదా అన్న సందేహం గదిలో కదిలింది. సీతాపతిగారు ముందుకు వంగి, అధికారి చేతిలోని గంటను తానే తీసుకుని, గట్టిగా ఒక్కసారి మోగించారు.

"అది జ్ఞాపకం కాదండీ. మనుషులన్నవాళ్లకు ఉండే జాలి. అధారణ సంపూర్ణం."

ఆమె పేర విస్మరణ ధ్రువపత్రం జారీ అయింది. రాజపత్రంలో ప్రచురించారు. ఆమెను ముందు గేటు నుంచి, అతన్ని వెనక గేటు నుంచి పంపించారు. నా కారు బస్‌స్టాపు ఎదురుగా ఆగింది. దిగకుండా అద్దం దించుకుని కూర్చున్నాను. ఉత్తీర్ణుల నడవడిని పరిశీలించే సంస్థ మనిషి ఒకడు కిళ్లీ కొట్టు దగ్గర పేపరు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నూకరత్నం రేకు నీడన కూర్చుంది. కొర్లయ్య ఎండలో, ఆమెకు దూరంగా, తల వంచుకుని నిలబడ్డాడు.

ఆమె కిళ్లీ కొట్టు వైపు ఒకసారి చూసింది. తరువాత ఎండ వైపు చూస్తూ, నలుగురికీ వినబడేలా, "ఓ బాబూ, పాలెం బస్సు కోసమేనా?" అంది. "ఆ ఎండలో మాడిపోకు, ఇలా నీడకి రా. నువ్వెవులో నాకు తెల్దు గానీ, నా కాడ కూడుంది. నెత్తళ్ల పులుసు. మామిడికాయ ఎక్కువేసినాను."

కొర్లయ్య తలెత్తాడు. ఆమెను చూశాడు. క్యారేజీని చూశాడు. ఆమె మళ్లీ కళ్లు తిప్పిన వైపే చూపు తిప్పి, కిళ్లీ కొట్టు దగ్గరి పేపరును చూశాడు. అర్థం కావడానికి అతనికి కొంచెం సమయం పట్టింది. తరువాత నడుచుకుంటూ వచ్చి, ఆమెకు జానెడు ఎడంగా బెంచీ మీద కూర్చున్నాడు.

"తమరెవరో నాకూ తెల్దండి" అన్నాడు. "అయినా పెట్టండి."

పెళ్లయిన నాటి నుంచీ అతని నోట విని ఉండని ఆ 'అండి'కి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో కారులో ఉన్న నాకు తెలియలేదు. బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. టికెట్లు విడివిడిగా తీసుకున్నారు.

కథ ఇక్కడ ముగిసి ఉంటే సంస్కరణ సార్థకమైనట్టే. కానీ ఉపగ్రహానికి పరీక్ష లేదు. అది మరునాడు కూడా తిరిగింది, ఆ మరునాడు కూడా తిరిగింది. వర్షాలు వెలిశాక ఒక ఉదయం డైరెక్టరు మమ్మల్ని కిటికీలు లేని గదిలోకి పిలిచి తెర మీద సముద్రతీరాన్ని చూపించాడు. ఇసుక మీద తెల్లటి గీతలు. గీతల పక్కన ఇద్దరు మనుషులు.

"ఇది పూర్తిగా కొత్త వ్యవహారం" అన్నాడు ఉత్సాహంగా. "ఈ గీతల సంగతి తరువాత చూద్దాం. ముందు ఈ స్త్రీని చూడండి. ఈమె ఇంట్లో ఒక పురుషుడు ఉంటున్నాడు. అతనెవరో తనకు తెలియదని ఈమెకు రాజపత్రంలో ధ్రువీకరణ ఉంది. ఎవరో తెలియని మనిషి ఈమె వండింది తింటున్నాడు, ఈమె పడవ వాడుకుంటున్నాడు. తెల్లవారగానే మా మనిషి వెళ్లి అడిగితే, 'ఎవులో నాకు తెల్దు బాబూ, నెమ్మదస్తుడు, వల బాగా ఏత్తాడు' అందట. పాలెంలో మరెవరినైనా అడిగితే నవ్వుతున్నారట. ఊరంతా కలిసి ఒక అపరిచితుణ్ని దాస్తోందంటే జాతీయ భద్రత దృష్ట్యా ఎంత ప్రమాదకరమో నేను చెప్పనక్కరలేదు. ఇద్దరినీ అదుపులోకి తీసుకోవడానికి సంఘం అనుమతి కోరుతున్నాను. పరీక్ష తరువాత, మందిరంలో."

మా అధ్యక్షులు తెర వైపు కళ్లార్పకుండా చూస్తున్నారు. ఆ చూపు అంత స్పష్టంగా ఉండటం నేనెన్నడూ చూడలేదు. "నెత్తళ్లేనా అవి?" అని నాకు మాత్రమే వినబడేలా అడిగారు. ఔనన్నాను. ఆయన తల ఊపారు.

పరీక్ష జరిగింది. సంఘ సభ్యులు కూర్చున్నారు, డైరెక్టరు కూర్చున్నాడు. గంట మోగింది, పూలు పడ్డాయి. సీతాపతిగారు డైరెక్టరు దగ్గర మామూలుకంటే ఎక్కువసేపు కూర్చుని, ఆయన చిన్నతనంలో విన్న అవధానాల గురించి ఒకదాని తరువాత ఒకటి ఎంతో ఆప్యాయంగా అడిగారు. చివరికి డైరెక్టరు ముఖం పసిబిడ్డ ముఖంలా ప్రశాంతమైంది.

మందిరంలో అధ్యక్షులు, "నేటి విషయం ఏమిటి?" అని అడిగారు.

డైరెక్టరు జేబులు తడుముకున్నాడు. నా వైపు చూశాడు. "ఏదో ఉన్నట్టుంది మేడమ్?"

"ఏదీ లేదు" అన్నాను.

"లేదు" అన్నారు అధ్యక్షులు. మిగిలిన సభ్యులు కూడా లేదన్నారు. సభ ముగిసింది.

ఆనాటి పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు నాకు వచ్చాయి. మరునాడు ఉపగ్రహం మళ్లీ తిరిగింది, మళ్లీ అదే గది, మళ్లీ అదే ఉత్సాహం. మేము మళ్లీ మరచిపోయాం. వానా, యుద్ధనౌకా లేని ప్రతి ఉదయమూ ఈ పని ఉంటూనే ఉంది.

ఈ సంఘంలో నా పదవీకాలం ముగియవచ్చింది. పొడిగించమని మంత్రిగారిని స్వయంగా కలిసి కోరాను. మొదటి నుంచీ ఈ చట్టాన్ని దుయ్యబడుతూ వ్యాసాలు రాసినదాన్ని, ఇప్పుడు ఎందుకు ఉండాలనుకుంటున్నానని ఆయన అడిగారు.

గుర్తు లేదన్నాను.

అక్కడికక్కడే మంజూరు చేశారు.